ముక్కుగారి పూచీ

కూలర్ వెనక తలుపు ఊడదీసి, తడి గడ్డి ప్యాడ్‌కి బెత్తెడు దూరంలో మొహం పెట్టి, కళ్ళు మూసుకుని, ఆయన గుండెల నిండా గాలి పీల్చాడు. ఏమీ లేదు. మళ్ళీ పీల్చాడు. ఊహూఁ. గాలి వచ్చింది, చల్లగా తగిలింది, లోపలికి పోయింది. దాంతోపాటు రావలసింది మాత్రం రాలేదు. ట్యాంకు అడుగున నల్లటి బురద, గోడలకి పచ్చటి జిగురు, పంపు చుట్టూ పాకుడు, అన్నీ కళ్ళకి కనబడుతూనే ఉన్నాయి. ఇంటాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దాటి లోపలికి రావడానికే జంకుతున్నాడు.

"ఏమంటారు ముక్కుగారూ?" అన్నాడు రుమాలు లోంచే.

"పోయినేడాది నీళ్ళు," అన్నాడు ఈయన గంభీరంగా.

"అబ్బబ్బ! ఒక్క పీల్పుతో ఎలా పట్టేశారండీ!"

పట్టడానికేముంది నా బొంద! ఎండలు తగ్గాక కూలర్‌లో నీళ్ళు తీసేసి, ప్యాడ్లు ఆరబెట్టి, మూత వేసే మనిషి ఆ పేట మొత్తం మీద ఒక్కడుంటే చూపించండి. చల్లబడగానే దాని మీద పాత దుప్పటి కప్పుతారు, దుప్పటి మీద పాత పేపర్లు పేరుస్తారు, ఇక దాని మొహం చూడరు. మళ్ళీ ఎండ నెత్తి మాడ్చిన రోజున స్విచ్ వేసి, వచ్చిన కంపుకి అదిరిపడి, ఫోన్ చేస్తారు. అదీ ఒకరోజు ముందు చెయ్యరు. అందరూ ఒక్క రోజే, ఒక్క గంటలోనే చేస్తారు. "ఇప్పుడే రావాలి మేస్త్రీ, చచ్చిపోతున్నాం" అంటారు. ఏడాది పొడుగునా గుర్తు రాని మనిషి ఆ పూట దేవుడైపోతాడు.

ఆయనకి అసలు పేరు లేకపోలేదు. కరెంటు బిల్లు మీద ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా అది పనికి రాలేదు. అందరికీ ఆయన ముక్కుగారే. కుర్రతనంలో మేడల మీద నీళ్ళ ట్యాంకులు కడిగేవాడు, తర్వాత కూలర్లు బాగుచేసే షాపులో కుదిరాడు. ఒకసారి ఓ గ్రంథాలయంలో పనికి పంపితే, గుమ్మంలోనే ఆగిపోయి, "మూడో కూలర్‌లో ఏదో చచ్చింది, ఇవాళా నిన్నా కాదు" అన్నాడట. అక్కడివాళ్ళు నవ్వారు. తీసి చూస్తే ఉడుత. ఇంకోసారి ఓ ఆఫీసులో, "ఈ మోటార్ సాయంత్రానికి కాలిపోతుంది, ఆపెయ్యండి" అన్నాడు. వినలేదు. నాలుగు గంటలకల్లా పొగ లేచింది. అంతే, ముక్కు అనే పేరు స్థిరపడింది, తలకి రంగు పడే వయసొచ్చాక దానికి గారు అతుక్కుంది.

పేరు రాగానే సుఖం పోయింది. కూలర్ కోసం పిలిచినవాళ్ళు ఊరుకోరు కదా. "ఎలాగూ వచ్చారు, ఈ పాలు ఓసారి చూడండి", "ఈ చొక్కా ఉతికిందా విడిచిందా చెప్పండి", "గ్యాస్ లీకవుతోందని మా అత్తగారికి అనుమానం". ఒకావిడైతే మొగుడి కోటు తెచ్చి మొహానికి ఆనించి, "ఇది ఏ సెంటో చెప్పండన్నయ్యా, మన ఇంట్లోది కాదు" అంది. ఆ రోజు ఆయన జలుబు అని చెప్పి తప్పించుకున్నాడు. అబద్ధాలాడటం అక్కడే అలవాటయిందని ఆయన భార్య తర్వాత ఎత్తిపొడిచింది.

అలాంటి ముక్కు చలికాలంలో వచ్చిన ఒక్క జ్వరంతో మూతపడింది. వారం రోజుల జ్వరం, తగ్గింది, లేచాడు, కాఫీ గ్లాసు ఎత్తాడు. వేడి నీళ్ళు తాగినట్టుంది. సబ్బు లేదు, ఫినాయిల్ లేదు, కొత్త గడ్డి ప్యాడ్ తడిసినప్పుడు వచ్చే ఆ కమ్మటి వాసన లేదు. ఎవరికీ చెప్పకుండా ముక్కు డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ డాక్టర్ దీపం పెట్టి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు. ఆర్నెల్లు చూద్దాం" అన్నాడు. ఆర్నెల్లంటే వేసవి మొత్తం. చూద్దామట! చూడటానికి వాళ్ళ సొమ్మేం పోయింది?

చెప్పేస్తే పోయేది కదా అంటారా? ఆ మాట ఆయన భార్య కూడా అంది. ఆవిడకి ముందే తెలుసు. ఎలా తెలిసిందంటే, పెళ్ళయిన దగ్గర్నించీ ఈయన ముక్కు పాడవుతుందని ఆవిడని వాసన సబ్బు వాడనివ్వలేదు, పౌడరు రాయనివ్వలేదు, తలనూనె కూడా ఉత్త నూనే. ఈయన జ్వరం నుంచి లేచాక ఆవిడకి అనుమానం వచ్చింది. వీధి చివర కొట్టుకెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా ఘాటైన గులాబీ సబ్బు తెచ్చుకుని, శుభ్రంగా ఒళ్ళు రుద్దుకుని వచ్చి, ఈయన పక్కనే కూర్చుని కూరగాయలు తరిగింది. ఈయన పేపర్ చదువుతూ ఉండిపోయాడు. మూడు రోజులు చూసింది. నాలుగో రోజు ఇక పట్టలేక కత్తిపీట పక్కకి నెట్టింది.

"ఏమండీ, నా దగ్గర దాచడమేమిటండీ?"

"ఏం దాచాను?"

"ఇరవై రెండేళ్ళు మీ ముక్కు కోసం ఒక్క మంచి సబ్బుకి నోచుకోలేదు నేను. ఇప్పుడు సబ్బు రుద్దుకుని పక్కన కూర్చుంటే రాయిలా ఉన్నారు. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారు?"

ఆయన పేపర్ మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "ఎవరికీ చెప్పను. నువ్వు కూడా నోరు మెదపకు."

"మా తమ్ముడికైనా చెప్పండి. రోజంతా మీతో తిరిగేవాడు."

"వాడికి అసలు చెప్పను! బ్రష్షూ బకెట్టూ ఎవడైనా పట్టుకుంటాడే. నన్నే ఎందుకు పిలుస్తారు? ఇది ఉందని," అని ముక్కు మీద వేలితో కొట్టుకున్నాడు. "ఇది లేదని తెలిసిన రోజున నేను ట్యాంకులు కడిగేవాణ్ణే. ఇరవై ఆరేళ్ళు వెనక్కి పోవాలి."

ఆవిడ కత్తిపీట మళ్ళీ ముందుకి లాక్కుంది. గులాబీ సబ్బు మాత్రం మానలేదు. అంతవరకు లాభమనుకుందో ఏమో.

ఇక బామ్మర్ది సంగతి. ఆవిడ తమ్ముడు, నలభైకి దగ్గర పడ్డవాడు, పన్నెండేళ్ళుగా ఈయనతోనే పని. మోటార్లు, వైర్లు, పంపులు, ట్యాంకు నిండగానే నీళ్ళు ఆపే ఫ్లోట్లు వాడివి. నీళ్ళు, ప్యాడ్లు, శుభ్రం ఈయనవి. వాడికి కంపు పడదు, కూలర్ తలుపు తీసేటప్పుడు రెండు గదుల అవతల ఉంటాడు. "నీ ముక్కు సంపాదిస్తుంటే నా ముక్కెందుకు బావా కష్టపడటం" అంటాడు. నోరు ఊరుకోదు. అయినా పనిలో నిఖార్సయిన మనిషి. వదులుగా ఉన్న స్క్రూ కనిపిస్తే ఎవరి కూలర్‌ అన్నది చూడడు, బిగించేసే పోతాడు.

ముక్కుగారి పద్ధతి ఒకటుంది. పనంతా అయ్యాక కూలర్‌కి ఓ అట్టముక్క కడతాడు. దాని మీద తారీకు, కింద "వాసన చూశాను" అని రెండు మాటలు, సంతకం. ఆ రెండు మాటలూ పడ్డాకే జనం స్విచ్ వేస్తారు. ఈ ఏడాది కూడా ఆ రెండు మాటలూ రాస్తూనే ఉన్నాడు. రాశాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా బయటపడేవాడు.

ఊరికే రాయలేదు పాపం. తంటాలు పడ్డాడు. "అమ్మా, ఇలా రండి, మీకూ తెలియాలి కదా, ఏం వాసన వస్తోందో మీరే చెప్పండి" అని ఇంటివాళ్ళ చేత చూపించేవాడు. ఆయన పాఠం చెప్తున్నాడనుకుని వాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఒకావిడ "బాగానే ఉందండీ" అంటుంది, వాళ్ళాయన "నాకేదో తేడాగా ఉందే" అంటాడు, ఇద్దరూ ఆయన ముందే పోట్లాడుకుంటారు, తీర్పు కోసం ఈయన మొహం చూస్తారు. ఈయన ఏం చెప్తాడు? వేళ్ళతో ప్యాడ్ రాసి జిగురు ఉందా అని చూసేవాడు. అనుమానం వస్తే ప్యాడ్ మార్చేసేవాడు. "రెండేళ్ళు వస్తుందని మీరే అన్నారు కదండీ" అని వాళ్ళు రచ్చ. అన్నాడు. అన్నప్పుడు ముక్కుంది! ఆ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయేది. ఇంటికొచ్చి ఆ చిరాకంతా చెప్పుల మీద చూపించి, గుమ్మం దగ్గర ఒకటి అటు, ఒకటి ఇటు విసిరేవాడు.

అన్నిటికన్నా పెద్ద తంటా కడగడం. వేరేవాళ్ళయితే బ్లీచింగ్ నీళ్ళు పోశాక ట్యాంకుని మంచినీళ్ళతో నాలుగుసార్లో ఐదుసార్లో తొలవాలని లెక్క పెట్టుకుంటారు. ఈయన ఎన్నడూ లెక్క పెట్టలేదు. వాసన పోయేదాకా తొలిచేవాడు, వాసన పోగానే ఆపేవాడు. ఒక ట్యాంకుకి రెండుసార్లు, ఇంకోదానికి ఏడు. ముక్కు చెప్పేది, చెయ్యి ఆగేది. ఇప్పుడు చెయ్యి ఎక్కడ ఆగాలో తెలియదు. మూడుసార్లు తొలుస్తాడు, చాలదేమో అనుకుంటాడు, ఇంకోసారి తొలుస్తాడు, ఇంటివాళ్ళు "నీళ్ళన్నీ ఒంపేస్తున్నారేమిటండీ" అంటారు, ఆపేస్తాడు. ఇదీ వరస.

బామ్మర్దికి అనుమానం తగిలింది. తగలకేం చేస్తుంది? ఒకరోజు ఓ ఇంటి పెరట్లో పని చేస్తూ, పెట్రోల్‌లో ముంచిన గుడ్డ ఒకటి పట్టుకొచ్చాడు. "బావా, ఈ ప్యాడ్ తుడిచే గుడ్డ ఓసారి చూడు, కడగాలా పారేయాలా?" అని మొహం ముందు పెట్టాడు.

ఈయన కళ్ళు మూసుకున్నాడు. పీల్చాడు. కాస్త ఆలోచించాడు.

"పాకుడు పట్టింది. పారెయ్," అన్నాడు.

బామ్మర్ది గుడ్డని చూశాడు, బావని చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక కూత కూసేవాడు, ఆ పూట నోరు విప్పలేదు. గుడ్డని దూరంగా గోడ పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. సాయంత్రం దాకా "ఊఁ", "ఆఁ" తప్ప మాటలేదు. బావే చెప్తాడులే, ఇవాళ కాకపోతే రేపు చెప్తాడులే అని ఎదురుచూశాడట. అడగకపోవడంలో వాడి తప్పూ కొంత ఉంది మరి. అడిగెయ్యాల్సింది. అక్క మొగుడు, పెద్దవాడు, పని నేర్పినవాడు. ఎలా అడుగుతాడు?

రెండు రోజుల తర్వాత చంటిపిల్లల బడిలో పని పడింది.

ఆ బడి అంటే ఆయనకి ప్రాణం. మూడేళ్ళు నిండీ నిండని ఇరవై మంది పిల్లలు. నిద్రగది కిటికీలకి రెండు కూలర్లు, వాటిని కిందటి నెలలోనే చేసి అట్టముక్కలు కట్టాడు. ఇప్పుడు వరండాలో నీటి తుంపర కొట్టే ఫ్యాన్లు రెండున్నాయి, అవి చెయ్యాలి. పొడుగాటి ఫ్యాను, దాని ముందు గుండ్రటి సన్న పైపు, పైపుకి ఆవగింజంత బెజ్జాలున్న నాజిళ్ళు, కింద ట్యాంకు, పంపు. పిల్లలు మధ్యాహ్నం ఆ తుంపర కింద కూర్చుని తింటారు, ఆడుకుంటారు. నాజిల్ బెజ్జాల్లో నీళ్ళ ఉప్పు గడ్డకట్టుకుపోతుంది కనక వాటిని ఊడదీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. ట్యాంకులోని పాకుడుకేమో బ్లీచింగ్. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే కళ్ళూ గొంతూ మండించే ఘాటు గాలి పుడుతుంది. ఈ పని చేసేవాడు మొదట నేర్చుకునేదే అది. ఆయనే పదిమందికి నేర్పాడు.

పెద్దటీచర్ వచ్చి, "మేస్త్రీగారూ, మీరున్నారంటే నాకు బెంగ లేదు. మీ సంతకం లేనిదే నేను స్విచ్ వెయ్యను, తెలుసుగా" అంది. ప్రతి ఏడూ అనే మాటే. ఈ ఏడు మాత్రం ఆయన ఆవిడ మొహంలోకి చూడలేదు. తల ఊపి పనిలోకి వంగాడు.

రెండో ఫ్యాన్‌కి నాజిళ్ళు ఊడి రాలేదు. ఉప్పు పట్టి బిగుసుకుపోయాయి. తిప్పాడు, తట్టాడు, తిట్టాడు, ఒక్కటీ కదల్లేదు. అప్పటికే పదకొండు దాటింది, ఎండ వరండాలోకి వచ్చేసింది, ఆయాలు అన్నం గిన్నెలు సర్దుతున్నారు. విసుగొచ్చి, నిమ్మ ఉప్పు నీళ్ళని పైపులోకే పోసి నానబెట్టాడు. ఇదివరకూ అలా చేశాడు, తప్పేం లేదు. కానీ అప్పట్లో నానాక ఆ పైపుని విడిగా కడిగి, వాసన చూసుకుని, అప్పుడు ట్యాంకు జోలికి పోయేవాడు. ఈసారి ట్యాంకుకి బ్లీచింగ్ కొట్టి, నాలుగుసార్లు తొలిచి, పైపులోంచి కాసిని నీళ్ళు వదిలి, అయిందనుకున్నాడు. నిజానికి అయిందో లేదో ఆయనకి తెలియదు. ప్యాడ్ అయితే వేళ్ళతో రాసి చూడొచ్చు. నీళ్ళని ఏం రాస్తాడు? ట్యాంకు మీదకి వంగి పీల్చాడు, ఎదురుగా ఆయాలు చూస్తున్నారు కనక. లేచి అట్టముక్క మీద రాశాడు. వాసన చూశాను.

బామ్మర్ది అప్పుడు మేడ మీద నీళ్ళ ట్యాంకు ఫ్లోట్ మారుస్తున్నాడు.

పిల్లలు వచ్చి చాపల మీద కూర్చున్నారు. పెద్దటీచర్ అట్టముక్క చూసి స్విచ్ వేసింది. మొదటి ఫ్యాన్ హాయిగా తుంపర కొట్టింది. పిల్లలు చేతులు చాపి కేరింతలు కొట్టారు. రెండోది గుర్రుమని, దగ్గి, తుంపర వదిలింది. నిమిషం కూడా కాలేదు. ముందు వరసలో ఓ పాప రెండు చేతులతో కళ్ళు నులుముకుంది. పక్కవాడు దగ్గాడు. ఇంకొకడు దగ్గుతూనే పొద్దున్న తిన్నదంతా కక్కేశాడు. తర్వాత ఒక్కసారిగా ఏడుపులు.

"అయ్యో, ఏమిటీ ఘాటు! ఆపండి, ఆపండి!" అంటూ పెద్దటీచర్ స్విచ్ మీద పడింది. ఆయాలు చంకకొకరిని, చేతికొకరిని ఎత్తుకుని ఆవరణలోకి పరిగెత్తారు. ఆయన కూడా ఇద్దర్ని ఎత్తుకున్నాడు. ఆయన కళ్ళూ మండాయి, గొంతు పట్టేసింది. వాసన మాత్రం, అంత ఘాటులో కూడా, రవ్వంతైనా తెలియలేదు.

కుళాయి దగ్గర పిల్లల మొహాలు కడిగారు. పక్క వీధి డాక్టర్ పరిగెత్తుకొచ్చి ఒక్కొక్కరి కళ్ళూ గొంతూ చూసి, "భయం లేదు, కొంచెమే పీల్చారు, గంటలో సర్దుకుంటుంది. ఇంకో ఐదు నిమిషాలు కూర్చుంటే మాత్రం నేను ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ మాటకి పెద్దటీచర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడ మీంచి దిగొచ్చిన బామ్మర్ది తడి చేతులతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆవిడ నేరుగా ఈయన దగ్గరికొచ్చింది. "మేస్త్రీగారూ, ఏమిటిది? మీరు వాసన చూశారు కదా?"

అప్పుడు ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. ఎక్కడ దాక్కుందో, ఆలోచించేలోపే బయటపడింది.

"పైపు కడగమని మావాడికి చెప్పానండీ."

బామ్మర్ది బావ వంక చూశాడు. ఒక్క చూపే. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది. తర్వాత తల దించుకుని, "మర్చిపోయాను టీచర్. తప్పు నాదే" అన్నాడు. పెట్రోల్ గుడ్డ రోజున నోరు మూసుకున్నందుకు సగం తప్పు తనదేనని వాడి లెక్క. మిగతా సగం అక్క కోసం మింగాడు.

పెద్దటీచర్ ఒంటికాలి మీద లేచింది. ఆయాల ముందు, డాక్టర్ ముందు, ఏడుపు ఆపి వింత చూస్తున్న పిల్లల ముందు, కడిగి పారేసింది. "మనిషన్నవాడికి ఒళ్ళు తెలియక్కర్లేదా? పసివాళ్ళండీ! పన్నెండేళ్ళ నుంచి చేస్తున్నారు, పైపు కడగాలని గుర్తుండదా?" నలభై ఏళ్ళ మనిషి, చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా నిలబడ్డాడు. "మీరింక ఈ గేటు లోపలికి రావద్దు. బయటికి నడవండి. ఇకనుంచి మీ బావగారొక్కరే వస్తారు."

వాడు సంచీ తీసుకుని గేటు బయటికెళ్ళి, గోడ నీడలో నిలబడ్డాడు. ముక్కుగారు అక్కడే ఉండిపోయాడు. సిగ్గు చంపేస్తోంది. అయినా, ఛీ, ఎంత మాయదారి బుద్ధో చూడండి, ఆ సిగ్గు కింద ఎక్కడో చిన్న ఊరట కూడా ఉంది. గండం గడిచింది. ఇంటికెళ్ళాక వాడి చేతులు పట్టుకుని బతిమాలుకోవచ్చు. వాడు కాదనడు.

అంతలో పెద్దటీచర్ కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి అంది. "మేస్త్రీగారూ, మీరొకసారి వరండా అంతా తిరిగి వాసన చూడండి. ఎండ మండిపోతోంది, వీళ్ళని ఎంతసేపు బయట కూర్చోబెట్టను? నాకు కంగారులో ఏదీ తెలియడం లేదు, ముక్కంతా ఘాటే. మీరు సరే అంటే లోపలికి తీసుకెళ్ళిపోతాను."

ఆయన వరండా వైపు చూశాడు. చాపలు తడిసి ఉన్నాయి. అన్నం గిన్నెలు అక్కడే ఉన్నాయి. ఎవరిదో చిన్న చెప్పు ఒకటి మెట్టు మీద పడి ఉంది. గాలి మామూలుగా ఉంది, శుభ్రంగా, ఏమీ లేనట్టుగా ఉంది. నాలుగు నెలలుగా ప్రపంచమంతా ఆయనకి అలాగే ఉంది.

రెండు మెట్లు ఎక్కాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. పిల్లలు చెట్టు కింద ఎర్రబడ్డ కళ్ళతో ఆయన్నే చూస్తున్నారు. ముందు కళ్ళు నులుముకున్న పాప ఆయా భుజం మీద ఎక్కిళ్ళు పెడుతోంది.

"నాకు తెలియదు టీచర్," అన్నాడు.

"ఏం తెలియదు?"

"వాసన. నాకు వాసన తెలియదు. చలికాలంలో జ్వరమొచ్చి పోయింది. ఏదీ తెలియదు." ఆపలేదు, ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "పైపు కడగాల్సింది నేనే. వాడు మేడ మీద ఉన్నాడు. వాడికి నేను ఏమీ చెప్పలేదు. వాడి తప్పు లేదు."

డాక్టర్ తన సంచీ సర్దుకోవడం ఆపేశాడు.

"నిద్రగది కూలర్లు?" అంది పెద్దటీచర్. "పోయిన నెల అట్టముక్కల మీద రాశారు. అవి?"

"అవీ అంతేనండీ. ఒట్టినే రాశాను."

ఇరవై మంది రోజూ రెండు గంటలు పడుకునే గది అది. ఆవిడ ఆ గది కిటికీల వైపు చూసింది, మళ్ళీ ఈయన వైపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టాలని కోరుకున్నాడు కూడా. బామ్మర్దికి పడ్డ తిట్లన్నీ తనకి రావలసినవే.

"వీళ్ళకి మూడేళ్ళండీ," అంది ఆవిడ మెల్లిగా. "ఒంట్లో ఏదైనా తేడా చేస్తే అదేమిటో చెప్పడం కూడా రాదు వీళ్ళకి. అందుకే మీరు చెప్పాలనుకున్నాను."

ఆయన ఎక్కిన రెండు మెట్లూ దిగాడు.

ఆవిడ గేటు దాకా నడిచి, బామ్మర్దిని లోపలికి పిలిచింది. వాడు వచ్చాడు. "నన్ను క్షమించండి, తెలియక నోటికొచ్చినట్టు అన్నాను" అంది అందరి ముందూ. వాడు ఇబ్బందిగా భుజాలు కదిలించాడు. "ఆ వరండా ఒకసారి వాసన చూసి చెప్తారా?" అంది.

వాడు కంపంటే రెండు గదుల అవతల ఉండేవాడు. ఇప్పుడు నేరుగా వెళ్ళి, ఆ మూల నుంచి ఈ మూల దాకా నడిచి, ఫ్యాన్ పైపు దగ్గర వంగి, దగ్గుతూ వచ్చాడు. "ఇంకా ఉంది టీచర్. ఇవాళ పిల్లల్ని ఇటు రానివ్వద్దు. నిద్రగదిలో కూడా కూలర్లు వెయ్యద్దు. కిటికీలు తీసి పడుకోబెట్టండి."

"అలాగే," అంది ఆవిడ. కాసేపు ఆలోచించింది. "రేపటి నుంచి ఇక్కడి పని మీరు చేస్తారా? మీరొక్కరే. ఆయన్ని నేను లోపలికి రానివ్వలేను. కోపంతో కాదండీ, నాకు ధైర్యం చాలదు."

ముక్కుగారు బామ్మర్ది వంక చూశాడు. పన్నెండేళ్ళు. పంపు విప్పడం దగ్గర్నుంచి నేర్పాడు. ఇందాక వాడు నోరెత్తకుండా తిట్లు తిన్నాడు. మా బావ లేకుండా నేను రాను టీచర్ అంటాడు, తప్పకుండా అంటాడు అనుకున్నాడు. అన్నప్పుడు వద్దురా, ఒప్పుకో అని తనే పెద్దమనసుతో చెప్పాలని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

బామ్మర్ది ఆయన వైపు చూడలేదు. చెట్టు కింద పిల్లల్ని చూస్తున్నాడు.

"సరే టీచర్," అన్నాడు. "పొద్దున్నే వస్తాను. అన్నీ విప్పి మొదటినుంచీ కడుగుతాను."

ఆ గొంతులో కక్ష ఏమీ లేదు. కాస్త కక్ష ఉండి ఉంటే, వాడిలోనూ తప్పు పట్టుకోవడానికి ఆయనకి ఏదో ఒకటి దొరికేది.